నాలుక కింద నరం

"నరం కొయ్యమని బిడ్డను తెస్తే దూది ఊదమంటా ఉండాదే ఈ మనిషి!"

తిరుమలసామి ఆస్పత్రి వరండా అంతటికీ వినబడేట్టే అన్నాడు. మెల్లగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. ఆ అవసరమూ ఎప్పుడూ పడలేదు. కోవిల్‌పట్టి పక్కన నల్లరేగడి నూట ఇరవై ఎకరాలున్న మనిషి గొంతు తగ్గించుకోవలసిన చోటు ఆ జిల్లాలో ఉందంటే ఆయన నమ్మడు.

నాలుగేళ్ళ మనవడు తంగసామికి ఇంకా మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి. పిలిస్తే వస్తాడు, తెమ్మన్నది తెస్తాడు. నోరు మాత్రం తెరవడు. నాలుక కింద నరం బిగుసుకుపోయిందని తిరుమలసామి తేల్చేశాడు. ఆయన తేల్చాక ఇంట్లో ఇక చర్చ ఉండదు. పిల్లవాణ్ణీ కోడలు బొమ్మక్కనూ రైలెక్కించి విరుదునగర్ ఆస్పత్రికి తీసుకొచ్చి, తెలిసిన పత్తి వ్యాపారి ఇంట్లో దిగాడు.

డాక్టరు దొర కత్తి తీయలేదు. పిల్లవాడి నోట్లోకి ఒకసారి తొంగి చూశాడంతే.

"వెళ్ళైయమ్మాళ్ పది రోజులు చూస్తుంది. కొయ్యాలని ఆమె చెబితేనే కోస్తాను" అన్నాడు.

వెళ్ళైయమ్మాళ్ అక్కడ నర్సు. చెవిటిపిల్లల బడిలో కొన్నేళ్ళు ఉండి పని నేర్చుకుంది. మాట రాని పిల్లలకు మాట నేర్పడం, పాలు మింగలేని పసికందుల చేత పాలు తాగించడం ఆమె పని. ఆమె తండ్రి పుదూరు చేలల్లో పత్తి ఏరిన కూలివాడని తిరుమలసామి మొదటిరోజే ఆరా తీశాడు. ఆ కూలివాడి కూతురు ఇవాళ తెల్లచీర కట్టి, తనకు కుర్చీ చూపించి కూర్చోమంటోంది! ఆయన కూర్చోలేదు.

ఆమె వైద్యం చూస్తే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. పిల్లవాడి చేతిని తన గొంతు మీద పెట్టుకుని "మ్... మ్..." అంటుంది. పెదవికి తేనె రాసి నాకిస్తుంది. బల్ల మీద దూదిపింజ పెట్టి ఊదమంటుంది. వాడు నాకేవాడు, ఊదేవాడు, తాత మొహం కేసి చూసి ఊరుకునేవాడు. దీనికి పెద్ద చదువొకటి! ఇంటి దగ్గర పిల్లిపిల్లలు కూడా ఈమాత్రం ఆడతాయి.

నాలుగో రోజు ఆమె బొమ్మక్క వైపు తిరిగింది.

"ఇంట్లో బిడ్డతో ఎవురు ఎక్కువగా మాట్లాడతారమ్మా?"

"దాన్నేమడగతావు? నన్నడుగు" అన్నాడు తిరుమలసామి. "నేనింట్లో ఉంటే వాడు నా పక్కనే. నా కంచంలోనే కూడు తింటాడు."

"తల్లిని చెప్పనీండయ్యా."

"నేనుండగా అదేం చెప్పేది?"

బొమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూసింది. ఆయన మీసం దువ్వుకున్నాడు. ముప్పై ఏళ్ళ తన కొడుకు కూడా అంతే, తన ఎదుట నోరెత్తడు. ఎదిగిన మనుషులను ఎలా ఉంచాలో ఈ కూలివాళ్ళ పిల్ల తనను చూసి నేర్చుకోవాలి.

"అయితే తమరు రెండు దినాలు ఊరికి పోయి రాండి. తల్లీ బిడ్డా ఈడ ఉండనీ" అంది వెళ్ళైయమ్మాళ్.

"నన్ను పొమ్మంటావా? ఎవురనుకుంటివి నన్ను?" వరండా దద్దరిల్లింది. "పది దినాలని గదా దొర చెప్పింది. అంతవరకూ చూస్తా. పదో దినం వీడు మాట్లాడకపోతే ఊరికి తోలకపోయి మా మంగలి చేత నరం కోయిస్తా. చెయ్యి తిరిగినోడు. ఇద్దరు పిల్లకాయలకు కోసినాడు."

"వాళ్ళకు మాటలొచ్చినాయా?"

"ఒకడికొచ్చె."

"రెండోవాడు?"

"వాడికి ఆయుసు లేదు. దానికి మంగలేం చేస్తాడు?"

బొమ్మక్క పిల్లవాణ్ణి గట్టిగా పొదువుకుంది. ఆడవాళ్ళకు ప్రతిదానికీ భయమే అనుకున్నాడాయన.

పదో రోజు పొద్దున్నే రైలుస్టేషనుకు పోవడానికి బండి కట్టించుకునే వచ్చాడు. వెంట తెచ్చిన తల్లీ బిడ్డా గదిలో కూర్చున్నారు. బొమ్మక్క కళ్ళు వాచిపోయి ఉన్నాయి. వెళ్ళైయమ్మాళ్ ఆయనను వరండాలోకి పిలిచింది. డాక్టరు దొర అక్కడే నిలబడి ఉన్నాడు.

"కడాపటిగా ఒక్క పరీక్షయ్యా. తర్వాత తమరి ఇష్టం. చెప్పులు గట్టిగా చప్పుడయ్యేట్టు మెట్లు దిగి పోండి. కింద చెప్పులు విడిచి, అడుగు వినబడకుండా వచ్చి ఈ గది తెర వెనక నిలబడండి. పావుగంట. దగ్గగూడదు."

తిరుమలసామి నవ్వాడు. తనను నోరు మూసుకోమన్న మొదటి మనిషి ఈమే. తలలో పిసరంత బుద్ధి లేదని తెలుసుగానీ, ఇంత పిచ్చిదని తెలియదు. సరే, దొర ఎదుటే దీని పరువు పోనీ. ఈ ఆస్పత్రిలో రేపటినుంచి తుడిచే పనికి కూడా ఉంచరు.

కిర్రు కిర్రుమంటూ మెట్లు దిగాడు. చెప్పులు విడిచాడు. వట్టికాళ్ళతో పైకొచ్చి తెర వెనక నిలబడ్డాడు. వెళ్ళైయమ్మాళ్ అప్పటికే గదిలోకి పోయింది. జన్మలో ఎవరి గుమ్మం ముందూ ఇలా నిలబడలేదు.

లోపల చడీ చప్పుడూ లేదు. దూదీ లేదు, తేనే లేదు. ఆ ఆడవాళ్ళిద్దరూ ఉత్తినే కూర్చుని ఉన్నట్టున్నారు. ఇదా పరీక్ష! ఆయనకు జాలి కూడా కలగలేదు. తెర లాగిపారేసి ఇద్దరినీ దులిపెయ్యడానికి చెయ్యెత్తాడు.

అప్పుడు లోపలినుంచి ఒక చిన్న గొంతు, ఎక్కడా తడబడకుండా, రోజూ అడిగే మాటే అడిగినట్టు అడిగింది:

"అమ్మా, తాత పోయినాడా? ఇంక మనం మాట్లాడచ్చునా?"