ముందు పడాల్సిన సూది

అఖిల క్లినిక్ గుమ్మం దాటడానికి గోడ పట్టుకుంది.

"పైలం" అన్నాడు రాకేష్, భార్య భుజం చుట్టూ చెయ్యి వేస్తూ.

మణికొండలో వాళ్ళ ఇంటి పక్క సందులోనే ఉంది ఆ క్లినిక్. వైరల్ జ్వరం తగ్గినా అఖిలకు వాంతులు తగ్గలేదు. మూడు వారాలుగా గంజినీళ్ళే తిండి, అందులోనూ సగం బయటికే. నిన్నటినుంచి అడుగు తడబడుతోంది. ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తున్నాడు.

రాకేష్‌కి మాత్రం ఏ అనుమానమూ లేదు. ఆఫీసులో పదిహేనుమందిని నడిపించే మనిషి. ఎవరు ఏమడిగినా అతని దగ్గర జవాబు సిద్ధం.

"సిస్టర్, ఉత్త నీరసం. ఒక గ్లూకోజ్ ఎక్కిస్తే సాయంత్రానికి లేచి కూర్చుంటది."

"డాక్టరుగారు పావుగంటలో వస్తారండి" అంది నర్సు ఎలిజబెత్.

"ఆలోపు సగం ఎక్కుతది కదా! పోయినేడు నాకూ గిట్లనే ఎక్కించిన్రు. పెట్టండి, జల్ది."

ఎలిజబెత్ నసుగుతూనే సూది గుచ్చి, బాటిల్ తగిలించింది. గొట్టం ఇంకా తెరవలేదు.

బెంచీ మీద కునుకుతున్న సెక్యూరిటీ గార్డు లేచి వచ్చాడు. డ్యూటీ దిగి వచ్చినట్టున్నాడు, యూనిఫాం నలిగిపోయి ఉంది.

"బిడ్డా, అన్నం తినక ఎన్ని దినాలాయె?"

"ఇరవై" అంది అఖిల.

"సిస్టరమ్మా, గ్లూకోజ్ ఇడువకు. ముందుగాల బీవన్ సూది. అది పడ్డంకనే ఇది."

రాకేష్‌కి ఒళ్ళు మండింది. "నువ్వేమన్న డాక్టర్‌వా? పోయి గేటు కాడ కూసో!"

గార్డు కదల్లేదు సరికదా, గొట్టాన్ని మడిచి పిడికిట్లో బిగించాడు.

"డాక్టరమ్మ వచ్చేదాంక ఇడువ, సారూ. కొట్టినా ఇడువ."

పెనుగులాటలో స్టాండు పడింది. రాకేష్ అతన్ని మెడపట్టి బయటికి గెంటాడు. చొక్కా మీది బ్యాడ్జీకి ఫోటో తీసి, అక్కడికక్కడే అతని కంపెనీకి ఫిర్యాదు పంపాడు. 'మొగిలి. పేషెంట్ మీద దాడి.'

ఎలిజబెత్ స్టాండు మళ్ళీ నిలబెడుతుండగానే డాక్టర్ వచ్చింది. అఖిల కళ్ళముందు వేలు అటూ ఇటూ కదిపి చూసి, గాభరాగా లేచింది.

"ఇది నీరసం కాదు. ఒంట్లో బీవన్ విటమిన్ అడుగంటి, మెదడుకు తగిలింది. గ్లూకోజ్ ఎక్కిందా?"

"చుక్క కూడా ఎక్కలేదండి" అంది ఎలిజబెత్.

"అదృష్టం. బీవన్ ఇవ్వకుండా అది ఎక్కితే మిగిలిన కాస్తా ఖర్చయిపోయేది. ఆమె జ్ఞాపకాలు పోయేవి."

వెంటనే సూది పడింది. అటునుంచి అటే పెద్ద దవాఖానకు తీసుకెళ్ళారు. తొమ్మిదో రోజుకు అఖిల ఎవరి సాయమూ లేకుండా నడిచింది. నడిచి, మొగుణ్ణి నిలదీసింది. "ఆయన్ను తోలుకరా. కాళ్ళు మొక్కాలె."

రాకేష్ సిగ్గుతో చచ్చిపోతూ క్లినిక్‌కి వెళ్ళాడు.

"మొగిలి లేడండి" అంది ఎలిజబెత్. "రోజూ డ్యూటీ దిగి ఈ బెంచీ మీదే కూర్చునేవాడు. మీ ఫిర్యాదుతో ఆ రోజే పనిలోంచి తీసేశారు. భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు, ఎక్కడికో తెలీదు. పోయేముందు వచ్చి, 'ఆ బిడ్డ నడుస్తున్నదా?' అని అడిగాడు."

"రోజూ ఇక్కడెందుకు కూర్చునేటోడు?"

"ఫ్యాను గాలికనుకున్నానండి, పోయేముందు చెప్పేదాకా నాకూ తెలీదు. మూడేళ్ళ కిందట ఆయన భార్య నర్సమ్మకీ ఇవే వాంతులు, ఇవే గంజినీళ్ళు. మూసాపేటలో ఎక్కడో గ్లూకోజ్ ఎక్కించారు. అప్పట్నుంచి ప్రతి పొద్దునా ఆయన్ని 'నువ్వెవరు?' అని అడుగుతుందట."

"ఎక్కించినోళ్ళ మీద కేసు పెట్టలేదా?"

ఎలిజబెత్ తల అడ్డంగా ఊపింది.

"డాక్టరు వచ్చేదాకా ఆగమన్న నర్సు మీద కేకలేసి, ఆ గ్లూకోజ్ పెట్టించింది మొగిలేనండి."