అర సెకను ఆలస్యం

"శనివారం మ్యాచ్‌కి నేను రావడం లేదు" అంది కరుణమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

కూతురు ప్రిస్సిల్లా లాప్‌టాప్ మీంచి తలెత్తింది. ఈ ఏడాది అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చిన దగ్గర్నుంచి తల్లి ఒక్క శనివారం కూడా గ్రౌండ్‌కి వెళ్ళడం మానలేదు. వచ్చిన కొత్తలో ఓసారి షుగర్ పడిపోయి కుర్చీలోంచి జారిపోతే, మనవడు కెన్నీ ఆట మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. అయినా ఆ పై వారమే సంచిలో గ్లూకోజ్ బిస్కెట్లు వేసుకుని మళ్ళీ తయారైంది. జ్వరమొచ్చినా చర్చి మానని మనిషి, ఆటనీ అదే కోవలో వేసేసుకుంది.

"అదేంటమ్మా, మెల్‌బోర్న్ నుంచి అకాడమీ ఆయన వచ్చేది ఈ శనివారమే కదా."

"ఆ రోజు మనింట్లో స్త్రీల ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. చర్చిలో జెమీమాకి చెప్పేశాను కూడా."

కెన్నీ ఆడేది ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్. మొదట్లో కరుణమ్మకి అది ఆటో కొట్లాటో తెలియలేదు. కోలగా ఉండే బంతిని కాలితో తంతారు, పిడికిలితో గుద్దుతారు, గాల్లోకి లేస్తే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి మరీ పట్టుకుంటారు. కనబడినవాళ్ళనల్లా అడిగి, ప్రాణాలు తోడేసి మొత్తం నేర్చుకుంది. ఇప్పుడు అంపైర్ తప్పు చేస్తే తెలుగులోనే చీవాట్లు పెట్టేంత పరిజ్ఞానం వచ్చింది.

కెన్నీకి పదిహేడేళ్ళు. కోచ్ స్వయానా ఆస్ట్రేలియా మనిషి. పిల్లవాడి పరుగు, ఎగరడం, కిక్కు అన్నీ అక్కడి పెద్ద ఆటగాళ్ళకు తీసిపోవని ఆయనే మెల్‌బోర్న్‌లోని ఒక అకాడమీకి రాశాడు. ఒక్కటే లోపమన్నాడు. బంతి దగ్గరికి అర సెకను ఆలస్యంగా చేరుతున్నాడు. ఇక్కడైతే సర్దుకుపోవచ్చు గాని, పెద్ద స్థాయిలో ఆ అర సెకనులో బంతి పక్కవాడి చేతిలో ఉంటుంది. నిరుటి సీజన్‌లో ఇది లేదనీ, ఎందుకొచ్చిందో తనకూ అంతుపట్టడం లేదనీ చెప్పాడు. వాడి ఆట చూడ్డానికి వచ్చే అకాడమీ ఆయన కంట అదే పడితే కథ కంచికే.

ఇక ఇంటిల్లిపాదీ ఆ అర సెకను వేటలో పడ్డారు. అల్లుడు కాలేబ్ కొడుకుని కళ్ళ డాక్టర్‌కి చూపించాడు, బూట్లు మార్పించాడు. ప్రిస్సిల్లా ఫోన్ లాక్కుని పెందలాడే పడుకోబెట్టింది. కరుణమ్మ రాగిజావ పోసింది, చర్చిలో ప్రార్థన మనవి కూడా పెట్టింది. పాస్టరుగారు "ఆ అర సెకనును కూడా నీ చేతికి అప్పగిస్తున్నాము ప్రభువా" అని ప్రార్థించారు. ఆలస్యం మాత్రం తగ్గలేదు.

చివరికి మ్యాచ్ వీడియో తీసి పరీక్షగా చూద్దామని కాలేబ్ అనుకున్నాడు. పోయిన శనివారం అతనికి ప్లాంట్‌లో డ్యూటీ, ప్రిస్సిల్లాకి కార్లో ఆఫీస్ కాల్. టాబ్లెట్ కరుణమ్మ చేతికొచ్చింది. క్రిస్మస్ కార్యక్రమంలో వాక్యం చెప్పే పిల్లవాడిని తీసినట్టు, మొదట్నుంచి చివరిదాకా మనవడిని తప్ప మరొకటి తియ్యలేదావిడ.

కాలేబ్ రెండు నిమిషాలు చూసి నుదురు పట్టుకున్నాడు. "అత్తయ్యా, ఇందులో బంతేదీ?"

"బంతి నాకెందుకు బాబూ, మనవాడు కనబడుతున్నాడుగా."

ఇది దేనికీ పనికిరాదన్నాడతను. కరుణమ్మ టాబ్లెట్ తీసుకుని గదిలోకెళ్ళి తలుపేసుకుంది. రాత్రి చాలాసేపు ఆ గదిలోంచి మ్యాచ్ చప్పుడు వినబడుతూనే ఉంది. మర్నాడు మొహం వాచి ఉంది. మ్యాచ్‌కి రానని ఇప్పుడీ మాట. అలిగిందని ఇంట్లో తేల్చేశారు. కాలేబ్ వచ్చి ఏదో తొందరలో అన్నానన్నాడు. కోపమేమీ లేదనీ, ఆ ఆట చూసి చూసి విసుగొచ్చిందనీ ఆవిడ చెప్పింది.

ఆ మాట కెన్నీ చెవిన పడింది.

"అమ్మమ్మా, నీకు నిజంగా బోర్ కొట్టిందా?"

"కొట్టింది నాన్నా."

"మరి ఇంట్లో ఒక్కదానివే ఉంటావా?"

"ఒక్కదాన్నెందుకు, ఇంటినిండా మనుషులే. జెమీమా ఆంటీ ఉంటుంది, ఆవిడ నర్సు కదా."

కెన్నీ గుమ్మంలోంచే వెనుదిరిగి వెళ్ళిపోయాడు. వాడి మనసు కష్టపెట్టానని కరుణమ్మకి తెలుసు. అది మింగడానికి ఆవిడకి చాలా కష్టమైంది.

శనివారం వాళ్ళు ముగ్గురూ గ్రౌండ్‌కి వెళ్ళారు. ఇంట్లో కూడిక మొదలైంది. కరుణమ్మ ఒక పాటకి మరో పేజీ తీసింది. ప్రార్థనలో అందరికంటే ముందు ఏడ్చింది. ఎంత భక్తి అనుకున్నారు వచ్చినవాళ్ళు.

భోజనాల వేళకి ఫోన్ మోగింది. అవతల ప్రిస్సిల్లా సంతోషం పట్టలేకపోతోంది. బంతి గాల్లో ఉండగానే కెన్నీ అక్కడుంటున్నాడట. ఆ అర సెకను ఎటు పోయిందో కోచ్‌కే తెలియడం లేదట. మెల్‌బోర్న్ ఆయన జనవరిలో శిక్షణకి రమ్మన్నాడట. గొప్ప ఆటగాడవుతాడా అంటే ఇప్పుడే చెప్పలేను గాని, కాడని మాత్రం అననన్నాడట.

"దేవునికి స్తోత్రం" అంది కరుణమ్మ.

"చూడాల్సిన ఒక్క రోజే రాకుండా కూర్చున్నావు. నీకసలు ఏమీ పట్టలేదమ్మా."

"కూర మాడుతోంది, తర్వాత మాట్లాడతా" అని ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

పక్కన ప్లేట్లు సర్దుతున్న జెమీమా అంతా విన్నది. "పిన్నిగారూ, మ్యాచంటే అంత పడిచచ్చే మీరు, విసుగొచ్చిందంటే నేను నమ్మను. ఎందుకు వెళ్ళలేదు?" అనడిగింది.

కరుణమ్మ కళ్ళు తుడుచుకుంది.

"నేనక్కడుంటే, మళ్ళీ ఎక్కడ పడిపోతానోనని వాడు బంతికంటే ముందు నన్ను చూస్తున్నాడమ్మా."