చోటు లేదు పొమ్మనే పాట

"అమ్మా, పాట అయిపోయింది. ఇక గడియ తియ్యవే!" రెమెదియోస్ తలుపు బాదింది. ఆమె వెనకాల వీధిలోని జనమంతా కొవ్వొత్తులు పట్టుకుని చలికి వణుకుతున్నారు.

క్రిస్మస్ ముందు ఏటా ఇదే వేడుక. బయటివాళ్లు మేరీ, జోసెఫుల తరఫున తలదాచుకోవడానికి చోటడుగుతూ పాడాలి. లోపలివాళ్లు లేదు పొమ్మని పాడి పాడి, ఆఖరి చరణంలో రమ్మని తలుపు తియ్యాలి. ఈసారి లోపల తల్లి ఎలోదియా ఒక్కతే ఉంది. తనొక్కతే పాడతానని పట్టుబట్టింది.

"ఎవరమ్మా మీరు?"

"నేనే, నీ కూతుర్ని!"

"నాకు కూతుళ్లెవరూ లేరు. వెళ్లండి. మా ఆయనొస్తే ఊరుకోడు."

నాన్న పోయిన సంగతీ మరిచిపోయింది.

"కిటికీ పగలగొట్టనా అక్కా?" అన్నాడు పక్కింటి ఇలారియో.

"వద్దురా, హడలిపోతుంది."

ఏం చెయ్యాలో తోచక రెమెదియోస్ మళ్లీ మొదటి చరణం ఎత్తుకుంది. లోపలినుంచి వెంటనే జవాబు వచ్చింది. ఒక్క మాట తప్పలేదు. చిన్నప్పుడు తనకు పాట నేర్పిన గొంతే అది. అడిగిన ప్రతిసారీ అమ్మ పొమ్మంటూనే ఉంది. ఆఖరి చరణం దగ్గర మాత్రం ఆగిపోయింది.

"ఎవరమ్మా మీరు?"

"పిల్లలు వణికిపోతున్నారక్కా. ఇంకెంతసేపు పాడతావు?"

"వాళ్లని తీసుకెళ్లరా," అంది రెమెదియోస్, తలుపుకి చెంప ఆనించి. "అమ్మ నాతో ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్లయిందో!"

మళ్లీ మొదటి చరణం అందుకుంది.