కదలకు నాన్నా

ఆగస్టు ఏడో తేదీ టీచరమ్మకు ఇప్పటికీ గుర్తే. తిందామని తెచ్చుకున్న రెండు అరటిపండ్లలో ఆ రోజు ఆమెకు దక్కింది ఒకటే. రెండోది సాయంత్రం బొమ్మల క్లాసు మొదలయ్యేలోపే వెనక బెంచీ మింగేసింది. వెనక బెంచీ అంటే ఆ బెంచీని ఏలే ఒకే ఒక్క శాల్తీ.

"పండు ఎవరు తిన్నారు?"

"పిల్లి, టీచర్."

"పిల్లి తొక్క వలుచుకుని తింటుందా నాన్నా?"

"చదువుకున్న పిల్లి."

క్లాసంతా గొల్లుమంది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. దగ్గింది పెద్దసారు, ఆ భవనం మీద పెత్తనమంతా ఆయనదే.

"పక్కన లైబ్రరీ వాళ్ళు మొత్తుకుంటున్నారమ్మా. ఇవాళ ఇంకొక్కసారి గోల వినబడిందా, రేపట్నుంచి ఈ గది వాళ్ళకే ఇచ్చేస్తా."

సరేనని టీచరమ్మ తలూపింది. అమ్మ పోయాక నెలల తరబడి పెదవి విప్పని వెనక బెంచీ, ఈ క్లాసుకు వచ్చాకే మళ్ళీ అల్లరి మొదలుపెట్టింది. గది పోతే ఆ అల్లరీ పోతుంది. అందుకే గట్టిగా కసరడానికి ఆమెకు నోరు రాదు.

స్టూలు మీద కూజా పెట్టి, చూసి గీయమంది. కూజా వంక చూసిన పాపాన ఎవరూ పోలేదు. వెనక బెంచీకి సరిగ్గా ముందు కూర్చున్న కళ్ళజోడు కునుకు తీస్తోంది. పళ్ళు ఊడిన ఇద్దరు చాటుగా చాక్లెట్ పంచుకుంటూ దొరికిపోయారు.

"ఇంట్లో చెప్పకండి టీచర్, చంపేస్తారు."

అంతలో కళ్ళజోడు ఉలిక్కిపడి లేచింది. "టీచర్, వీడు కర్రతో పొడుస్తున్నాడు."

టీచరమ్మ వెళ్ళి వెనక బెంచీ చేతిలోని కర్ర లాక్కుంది.

"బెంచీ ఎక్కిస్తాను నాన్నా."

"ఎక్కించండి టీచర్. దింపడానికి మాత్రం నలుగురు కావాలి."

మళ్ళీ నవ్వులు. అవతలి నుంచి లైబ్రరీ వాళ్ళు గోడ మీద కొట్టారు.

టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించి కూజా తీసి కింద పెట్టింది. ఆ స్టూలు పక్కకు జరిపి కుర్చీ వేసింది.

"ఇలా వచ్చి కూర్చో నాన్నా. మిగతావాళ్ళంతా ఈ మహానుభావుణ్ణి గీయండి. మీ ఇష్టం వచ్చినట్టు."

క్లాసు ఒక్కసారిగా నిద్ర లేచింది. ఇన్నాళ్ళ కసి పెన్సిళ్ళలోకి దిగింది. ఒకరు చెవులు చేటలంత చేశారు. ఒకరు తోక తగిలించారు. కళ్ళజోడు ఒక గుండు గీసి, దాని మీద ఈగను వాలించి, కింద సంతకం కూడా పెట్టింది. పెన్సిళ్ళ గరగర తప్ప చప్పుడు లేదు.

"ముక్కు కాస్త తగ్గించరా," కుర్చీలోంచి ఆజ్ఞ వచ్చింది.

"కదలకు నాన్నా."

వెనక బెంచీ కదల్లేదు. కాసేపటికి గురక మొదలైంది. అందరూ దాన్ని కూడా గీశారు.

చీకటి పడ్డాక పెద్దసారు తాళంతో వచ్చాడు. "ఇంత నిశ్శబ్దమేంటమ్మా, క్లాసు లేదేమో అనుకున్నా. గది నీదేలే," అని తాళం ఆమె చేతిలోనే పెట్టి వెళ్ళాడు.

ఎవరి బొమ్మ వాళ్ళు భద్రంగా చుట్టుకుని ఇళ్ళకు పోయారు. వెనక బెంచీ ఒక్కటే గుమ్మం బయట ఆవలిస్తూ నిలబడింది.

టీచరమ్మ 'వయోవృద్ధుల బొమ్మల క్లాసు' అని రాసున్న తలుపు చప్పుడు కాకుండా మూసి, తాళం వేసి, "మెట్లున్నాయి, మెల్లిగా నాన్నా," అంటూ డెబ్బై మూడేళ్ళ తన తండ్రికి ఆయన చేతికర్ర తిరిగి ఇచ్చింది.