పై బాణం, ఎంటర్

మధ్యాహ్నం ఒంటిగంటకి సర్వేయరు ఆఫీసు గదిలోకి వెళ్ళి కంప్యూటరు నల్లటి తెర ముందు కూర్చున్నాడు. పై బాణం ఒకసారి నొక్కాడు. నిన్నటి కమాండ్ మళ్ళీ కనిపించింది. ఎంటర్ కొట్టాడు.

“తిన్నాను. నువ్వూ తిను. మందులు మరిచిపోకు, మహారాణీ.”

మెసేజ్ వెళ్ళింది. చచ్చిపోయినవాడు ఇవాళ కూడా భోంచేశాడు.

సొరంగం తవ్వే ఆ కొండల్లో ఫోన్లు పనిచేయవు. బయటికి కబురు పంపాలంటే ఆ కంప్యూటరే దిక్కు. దాన్ని చూసుకునే ఆపరేటరు సర్వేయరుకి ప్రాణస్నేహితుడు. వట్టి బద్ధకస్తుడు. పెళ్ళానికి పంపాల్సిన నాలుగు ముక్కలూ కమాండులో ఒక్కసారే రాసి, రోజూ పై బాణం నొక్కి అదే పంపేవాడు.

“కొత్తగా ఏదైనా రాయరా!” అంటే, “బాగున్నదాన్ని కెలక్కూడదురా” అని నవ్వేవాడు.

మూడు వారాల క్రితం జీపు లోయలో పడింది. నడిపింది సర్వేయరే. అతని ఒంటిమీద గీత కూడా పడలేదు. ఆపరేటరు ఆస్పత్రి చేరిన గంటకే పోయాడు.

ఆపరేటరు భార్యకి ఎనిమిదో నెల. బీపీ ఎక్కువై కాన్పుల ఆస్పత్రిలో మంచం దిగకుండా ఉంది. ఏమాత్రం దిగులు తగిలినా తల్లీబిడ్డా దక్కరని డాక్టరు చెప్పేసింది. ఆమె అత్తగారు, కన్నకొడుకుని పోగొట్టుకున్న ఆ తల్లే, సర్వేయరు చేతులు పట్టుకుంది.

“కాన్పయ్యేదాకా వాడు బతికే ఉండాలి నాయనా. ఆ మెసేజ్ మాత్రం ఆపకు.”

కాదనడానికి అతనికి నోరెక్కడిది?

రోజూ జవాబు వచ్చేది. “తిన్నాను. మీరు వేళకి తింటున్నారా? నిద్ర పట్టకపోతే కాసేపు బయట తిరగండి.” చదువుతుంటే అతనికి గుండె తరుక్కుపోయేది.

మర్నాడు ఒంటిగంటకి పై బాణం నొక్కితే ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. తెర అలాగే ఉంది.

“బాబాయ్, దీన్నెవరైనా ముట్టుకున్నారా?”

స్టోర్‌కీపరు మురిసిపోతూ వచ్చాడు. “నేనే! మిషను నత్తలా నడుస్తోందని పాత కమాండ్లన్నీ తుడిచిపారేశాను. ఎవరో చెప్పిన చిట్కాలే. ఇప్పుడు చూడు, గుర్రమే!”

సర్వేయరు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. అతనికి ఆ మాటలు కంఠతా వచ్చు. వాటికి ముందూ వెనకా ఉండే గుర్తులు, గీతలు, అంకెలు ఏనాడూ చూసిన పాపాన పోలేదు. తోచినట్టు కొట్టాడు. తప్పంది. ఇంకోలా కొట్టాడు. మళ్ళీ తప్పంది.

“ఇది తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా బాబాయ్?”

“తెలిసినవాడు పోయాడుగా” అన్నాడు స్టోర్‌కీపరు, గొంతు తగ్గించి.

ఒంటిగంటన్నర. రెండు. అక్కడ ఆమె ఫోన్ చేత్తో పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఏం చెయ్యాలో పాలుపోలేదు. వాణ్ణి రెండోసారి కూడా నేనే చంపాను అనుకున్నాడు. బల్ల మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రెండుంపావుకి తెర మీద ఆమె మెసేజ్ వచ్చింది.

“భోంచేయండి అన్నయ్యా, ఆయన పోయారని ఆ రోజు ఆస్పత్రివాళ్ళు మొదట ఫోన్ చేసింది నాకే, రోజూ ఈ పని కూడా లేకపోతే మీరేమైపోతారోనని భయపడి ఊరుకున్నాను.”