గంగన్న కిర్రుచెప్పులు

"బూట్లంట. గంగన్నకు బూట్లంట."

రిజ్వాన్ ఈ మాట అనడం ఎన్నోసారో లెక్కపెట్టడం నరేష్ ఎప్పుడో మానేశాడు.

ప్రొద్దుటూరులో మ్యాట్నీకి ఇంకా టైముంది. థియేటర్ పక్కన రిజ్వాన్ వ్యాను నీడలో నిలబడి ఇద్దరూ పోస్టర్ మీది గంగన్న బూట్లు చూస్తున్నారు. జమ్మలమడుగులో నాపరాళ్లకు పాలిష్ పట్టే మిషన్ రిజ్వాన్‌ది. ఆ రాళ్ల పొడి వ్యాను వెనక అద్దం మీద పిండి చల్లినట్టు ఎప్పుడూ పేరుకునే ఉంటుంది.

సినిమా పేరు 'చుక్కల బండి'. వాళ్ల చిన్నప్పుడు పిల్లల పత్రికలో నెలనెలా వచ్చిన బొమ్మల కథ అది. అందులో గంగన్న అనే మెట్ట రైతు కిర్రుచెప్పులు తొడుక్కుని, రాకెట్టు తోలుకుంటూ గ్రహాలన్నీ తిరిగొస్తాడు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టిన రిజ్వాన్ తెలుగు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నది గంగన్న కోసమే.

శనిగ్రహం దగ్గర రాకెట్టులో ఇంధనం అయిపోయింది. సరిగ్గా ఆ నెలే పత్రిక మూతపడింది. గంగన్న ఇల్లు చేరాడో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఈరోజు అది తేలిపోతుంది. ఆ సంబరంలో రిజ్వాన్ అన్నం కూడా తినలేదు.

"రాసినాయన పేరు యేసినారు చూడప్పా," అని పోస్టర్ కింది వరుస చూపించాడు నరేష్.

'కథ, బొమ్మలు: చీమ' అని ఉంది.

ఆ చీమ ఎవరో లోకానికి తెలియదు. పత్రికలోనూ అదే పేరు. ప్రతి బొమ్మలో ఏదో ఒక మూల, ముందుకాలు పైకెత్తిన చీమ ఒకటి నక్కి ఉండేది. దాన్ని ముందు ఎవరు కనిపెడతారా అని బడిలో పందేలు కాసేవాళ్లు. గీసింది మద్రాసాయన అనీ, ఎప్పుడో పోయాడనీ చెప్పుకునేవారు.

"ఆ చీమాయన ఉనింటే బూట్లు యేయనిచ్చునా?" అన్నాడు రిజ్వాన్.

"కిర్రుచెప్పులేసుకొని స్పేసులోకి పోతే నగుతారప్పా. అయినా ఆడ గాలి యాడుంది? కిర్రుమనేది యాట్ల ఇనపడుతుంది?"

"బండి లోపల గాలి ఉంటాది గదా నాయనా."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. తెల్లచీర కట్టుకున్న ముసలామె ఒకామె, చేతిసంచితో వ్యాను నీడలోనే నిలబడి ఉంది.

రిజ్వాన్ మొహం వెలిగిపోయింది. "అట్ల చెప్పవ్వా వీనికి."

"నువ్వు గూడా సినిమాకొచ్చినావా అవ్వా?" అడిగాడు నరేష్.

"పులివెందుల నుంచి వచ్చినా. టికెట్లు అయిపోయినాయంట. మీకాడ ఒకటి ఎక్కువేమన్నా ఉండాదా?"

ఉంది. స్నేహితుడు ఫర్హాన్ కోసం తీసింది. వాడు వస్తాడో రాడో ఇంకా ఫోను చేయలేదు.

"అది మా ఫర్హాన్‌దిలేవ్వా," అన్నాడు నరేష్. "అయినా నీకేం అర్థమవుతాది. పుస్తకంలో చదివినోళ్లకు గానీ."

ఆమె నవ్వింది. రిజ్వాన్ వైపు తిరిగింది.

"గంగన్న ఇల్లు చేరినాడా లేదా అని గదా నీ బాధ. చెప్పేదా?"

రిజ్వాన్ గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు.

"వద్దవ్వా, నీకు పుణ్యముంటాది. పొద్దుటి ఆట చూసినోళ్లెవరో నీకు చెప్పింటారు. నేను ఇరవై ఏండ్ల నుంచి కాసుకోనుండా. నా కండ్లతోనే చూడాల."

ఆమె అతని మొహంలోకి చూసింది.

"చెప్పనులే నాయనా. పాండి, ఆటకు టైమైతాంది."

లోపల రాకెట్టు పైకి లేస్తుంటే హాలంతా ఈలలు. రిజ్వాన్ గొంతు పోయేదాకా అరిచాడు. బూట్ల సంగతి కూడా మరిచిపోయాడు. ఫర్హాన్ రానేలేదు. వాళ్లిద్దరి పక్కన సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

ఆఖర్న రాకెట్టు పేలిపోయింది. గంగన్న నిప్పురవ్వలై చుక్కల్లో కలిసిపోయాడు. 'రెండో భాగం త్వరలో' అని పడింది.

నరేష్ లేచి చప్పట్లు కొట్టాడు. రిజ్వాన్ లేవలేదు.

"సంపేసినారు గదప్పా," అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

"రెండో పార్టులో బతికిస్తార్లే. రా."

బయట రాకెట్టు బొమ్మ స్టిక్కర్లు ఊరికే పంచుతున్నారు. నరేష్ అందరికన్నా ముందు దూరి పెద్దది ఒకటి సంపాదించాడు. పరుగున వ్యాను దగ్గరికి పోయి, భుజం మీది టవలుతో వెనక అద్దం తుడవసాగాడు.

"ఎవరో దుమ్ములో బొమ్మ గీసినారప్పా," అన్నాడు తుడుస్తూనే.

"ఏం బొమ్మ?"

"ఏమో, ఇల్లు మాదిరి ఉండె. సరిగ్గా చూళ్లేదు."

రిజ్వాన్ ఒక్క ఉదుటున వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే అద్దమంతా తళతళలాడుతోంది. కింద ఒక మూల మాత్రం టవలు తగలని దుమ్ము మిగిలింది.

ఆ దుమ్ములో ఒక గడప. గడప బయట విడిచిన కిర్రుచెప్పుల జత.

రిజ్వాన్‌కు ఒళ్లంతా పులకరించింది. "చేరినాడప్పా," అన్నాడు. "గంగన్న ఇల్లు చేరినాడు."

"ఎవురు గీసినారు?"

రిజ్వాన్ మోకాళ్ల మీద కూర్చుని ఇంకా దగ్గరగా చూశాడు. చెప్పు మడమ పక్కన, ముందుకాలు పైకెత్తి ఒక చీమ. చిన్నప్పుడు ఆ చీమను గీయబోయి ఎన్ని నోటుపుస్తకాలు పాడుచేసినా తన చేతికి రాని వంపు అది.

నరేష్ కూడా వంగి చూశాడు. చేతిలోని స్టిక్కరు జారి కింద పడింది.

"ఆయన పోయినాడంటారే," అన్నాడు.

రిజ్వాన్ జేబులోంచి ఫర్హాన్ టికెట్టు తీసి, దాన్నే చూస్తూ అన్నాడు, "ఆయన కాదప్పా. అవ్వ."