పద్దెనిమిదేళ్ల ట్రయల్

"రెండు రోజులు పెట్టుకొని నువ్వు చేసిన రిపేరు ఇదేనా, పాషా భాయ్?" కొత్త ల్యాప్‌టాప్‌ను ఠపీమని బల్ల మీద పెట్టింది శారద. "మంచిగ నడుస్తదని చేతుల పెట్టి పంపినవు. పొద్దుగాల తెరిస్తే ఏదో డబ్బా అడ్డం పడ్డది. నా నోట్లె మన్ను కొట్టినవు."

యూనివర్సిటీ గేటు ఎదురుగా ఆమెకు డీటీపీ సెంటర్ ఉంది. ఎవరో చెప్తే మొన్న మొదటిసారి పాషా రిపేరు దుకాణం మెట్లెక్కింది. ఇప్పుడు ఆమె వెనకాల బిక్కమొహం వేసుకొని నిలబడ్డది కావ్య. ఏటూరునాగారం నుంచి మొదటి బస్సుకు వచ్చిన పిల్ల. ఆమె పీహెచ్‌డీ థీసిస్ మూడు వందల పేజీలూ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఇరుక్కున్నాయి. ఈ సాయంత్రం ఐదింటికి గడువు. అప్పటికే పన్నెండు దాటింది.

"అక్కా, జర నెమ్మదిగ."

"నువ్వాగు పిల్లా."

ఇమాం పాషా చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిచాడు. "చెల్లె, నీ పాత కంప్యూటర్ పిడుగుకు కాలిపాయె, డిస్కు ఒక్కటి మిగిలె. ఈ కొత్తదాంట్ల చిప్పు వేరే, ఫోన్లల్ల ఉండే ఆర్మ్ రకం. నీ తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరేమో పాత చిప్పుల కోసం రాసింది. అందుకనే దీని లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్ తయారు చేసి, నీ పాత డిస్కుల ఉన్న విండోస్, ఫైళ్లన్ని ఉన్నదున్నట్టు అండ్ల ఎక్కించిన. చూడు, నడుస్తాంది."

నిజమే, పాత విండోస్ మెల్లగా తెరుచుకుంది. టైపింగ్ సాఫ్ట్‌వేర్ నొక్కగానే డబ్బా వచ్చింది. 'ముప్పై రోజుల ట్రయల్ గడువు ముగిసింది. రిజిస్ట్రేషన్ కోసం ఈ నంబరుకు ఫోన్ చేయండి.'

"పాతదాంట్ల ఎట్ల నడిపినవు?" అన్నాడు పాషా.

"రోజు పొద్దున దేవునికి అగర్బత్తి ముట్టిస్త, కంప్యూటర్ల తేదీని రెండువేల ఏడుకు తిప్పుత. అందరు గట్లనే చేస్తరు."

"పద్దెనిమిదేండ్ల సందా?"

"అవ్. అయితేంది?"

"దీంట్ల గది నడ్వది. లోపలి గడియారం బయటి ల్యాప్‌టాప్‌ను చూసి తిరుగుతది. నువ్వు వెనక్కి తిప్పినా మళ్ల ఇయ్యాల్టికే వస్తది."

"అయితే ఆ లింకు తెంపు."

"రెండు నిమిషాల పని. గని నేను చెయ్య. ఎవరో తిప్పలు పడి రాసుకున్నది. ఒక్క మాట అడిగితే ఏం పోతది?"

శారదకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అడగాల్నా? ముప్పై రోజులకు మూత పడేటట్టు రాసినోనికి సిగ్గుండాలె. ఎన్ని థీసిసులు కొట్టిన, ఎన్ని పెండ్లి పత్రికలు కొట్టిన దీని మీద! ఒక్కనాడన్న వచ్చి బాగున్నవా అని అడిగిండా వాడు? ఈ పిల్ల ఐదేండ్ల కష్టం ఆ బద్మాష్ చేయబట్టి మట్టిల కలుస్తాంది. వాని చేతులు పడిపోను."

పాషా గుడ్డ తీసుకొని స్క్రీన్ మీది దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. ఆ నిమ్మళం చూసి శారదకు ఇంకా ఒళ్లు మండింది.

కావ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "తిట్టుకుంట కూసుంటే టైం అయిపోతది అక్కా. ఒక్కసారి ఫోన్ చెయ్యరాదు."

"చేస్త. గిన్నేండ్లకు ఎవడన్న ఎత్తుతడా? ఎత్తిండనుకో, కడిగి పారేస్త. నువ్వు సుత విను, పాషా భాయ్."

స్క్రీన్ చూస్తూ పది అంకెలూ టకటకా నొక్కింది. స్పీకర్ పెట్టి ఫోనును బల్ల మీద పెట్టింది.

ఇమాం పాషా చొక్కా జేబు మోగింది.